‘కజుకో’: ఒక జపాన్ స్త్రీనామం – అర్థం, ఉత్పత్తి, వ్యాప్తి

వ్యాససంగ్రహం

ఇరవయ్యో శతాబ్దపు జపాన్‌లో ఎక్కువగా వినిపించిన స్త్రీనామాల్లో ‘కజుకో’ ఒకటి. 1926 డిసెంబరులో ‘షోవా’ అనే కొత్త శకనామం ప్రకటితమైన వెంటనే ఈ పేరు జనాదరణలో మొదటి స్థానానికి చేరి, సుమారు పాతికేళ్లు ముందు వరుసలో నిలిచింది. ఈ పేరులోని రెండు అక్షరాల చరిత్రను, వాటి ఉచ్చారణలోని వైవిధ్యాన్ని, పేరు వ్యాప్తి చెంది క్షీణించిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వ్యక్తినామానికి నిఘంటువు ఇచ్చే అర్థం ఒకటి కాగా, ఆ పేరు పెట్టిన కాలం ఇచ్చే అర్థం మరొకటి. ఈ రెండింటినీ వేరు చేసి చూడనిదే నామ అధ్యయనం సమగ్రం కాదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: నామవిజ్ఞానం, జపాన్ వ్యక్తినామాలు, కజుకో, శకనామం, షోవా, కంజి లిపి, స్త్రీనామ ప్రత్యయం.

1. ఉపోద్ఘాతం

జపాన్ స్త్రీల పేర్లు తెలుగు పాఠకులకు పూర్తిగా అపరిచితాలు కావు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన ‘రైలుబడి’ చదివినవారికి దాని మూలరచయిత్రి తెత్సుకో కురోయనాగి తెలుసు. హిరోషిమా అణుబాంబు దుష్ప్రభావంతో 1955లో పన్నెండేళ్ల వయసులో కన్నుమూసిన సదాకో ససాకి, ఆమె మడిచిన కాగితపు కొంగలు ఎందరికో తెలుసు. సంగీతాభిమానులు యోకో ఓనో పేరు విని ఉంటారు. ఈ మూడు పేర్ల చివరా ఉన్న ‘కో’ ఒకే అక్షరం. జపాన్ ఉచ్చారణలో ఈ చివరి అచ్చు హ్రస్వమే. అయినా తెలుగులో స్థిరపడిన అలవాటును అనుసరించి ఈ వ్యాసంలో దాన్ని దీర్ఘంగానే రాయడమైంది.

ఈ ‘కో’ కుటుంబానికి చెందిన పేర్లలో ‘కజుకో’ది ప్రత్యేక స్థానం. పేర్ల జాబితాలు ‘సామరస్యం గల బాలిక’, ‘శాంతి బిడ్డ’ అని దీనికి అర్థం చెప్పి సరిపెడతాయి. ఆ అర్థం తప్పు కాదు, కాని అది చాలదు. ‘సామరస్యం’ అనే భావం జపాన్‌లో వందల ఏళ్లుగా ఉంది. దాన్ని సూచించే అక్షరమూ అంతే పాతది. అలాంటప్పుడు 1927లోనే ఆ పేరు అకస్మాత్తుగా ఎందుకు ముందుకు వచ్చింది? యుద్ధాన్ని కీర్తించిన కాలంలోనూ, యుద్ధాన్ని త్యజించిన కాలంలోనూ అదే పేరు ఎలా నిలబడగలిగింది? ఈ ప్రశ్నలకు నిఘంటువులో సమాధానం దొరకదు. చరిత్రలో వెదకాలి.

2. మొదటి అక్షరం: ‘వ’ లేదా ‘కజు’

జపాన్ లిపిలోని కంజి అక్షరాలు చైనా నుంచి వచ్చిన భావాక్షరాలు. ఒక్కొక్క అక్షరానికి సాధారణంగా రెండు రకాల ఉచ్చారణలుంటాయి. చైనా ఉచ్చారణను అనుసరించేది ఒకటి, ఆ భావానికి జపాన్ భాషలో ఉన్న దేశ్యపదాన్ని ఆధారం చేసుకున్నది మరొకటి. ‘కజుకో’లోని మొదటి అక్షరం చైనా మూలపు ఉచ్చారణలో ‘వ’. వ్యక్తినామాల్లో దాన్ని ‘కజు’, ‘మస’, ‘యసు’, ‘తొమొ’ మొదలైన పలు విధాలుగా చదువుతారు. సామరస్యం, మైత్రి, శాంతి, సౌమ్యత దీనికి ముఖ్యార్థాలు. గణితంలో కూడిక ఫలితాన్ని, అంటే మొత్తాన్ని సూచించేదీ ఈ అక్షరమే.

ఈ అక్షరానికి జపాన్ దేశం అనే అర్థం కూడా ఉంది. ప్రాచీన చైనా గ్రంథాలు జపాన్ వాసులను ‘వ’ అని పేర్కొన్నాయి. అయితే అందుకు వాడిన అక్షరం వేరు, అందులో చిన్నచూపు ధ్వనిస్తుందన్న భావన ఉండేది. ఎనిమిదో శతాబ్దంలో జపానీయులు దాని స్థానంలో, అదే ఉచ్చారణ కలిగి మంచి అర్థమున్న ఈ ‘సామరస్య’ అక్షరాన్ని స్వీకరించారు. ‘యమాతో’ అనే దేశనామాన్ని రాసేటప్పుడు వాడే రెండక్షరాల్లో ఇది ఒకటి. నేటికీ జపాన్ సంప్రదాయ వంటను, కాగితాన్ని, దుస్తులను సూచించే సమాసాల్లో ‘వ’ అంటే ‘జపాన్‌కు చెందిన’ అనే అర్థం. ఈ విధంగా ఒకే అక్షరంలో నీతిభావన, దేశనామం కలిసిపోయాయి.

నీతిభావనగా దీని ప్రాచీనతకు ప్రసిద్ధ ఆధారం రాకుమారుడు షోతొకు పేరిట 604లో వెలువడిందని చెప్పే పదిహేడు అధికరణాల శాసనం. 720లో పూర్తయిన ‘నిహొన్ షొకి’ చరిత్రగ్రంథం దీన్ని నమోదు చేసింది. ఆ శాసనంలోని మొదటి అధికరణం సామరస్యాన్ని అన్నిటికన్న విలువైనదిగా నిలుపుతుంది. అధికారుల మధ్య, పాలకునికీ ప్రజలకూ మధ్య విభేదం లేకపోవడం అక్కడి సందర్భం. కాబట్టి ఈ అక్షరం మొదటినుంచీ రాజనీతితో ముడిపడి ఉన్నదే. కేవలం గృహజీవితపు మృదుభావనగా దాన్ని చూడటం అసంపూర్ణం.

3. రెండవ అక్షరం: ‘కో’ – గౌరవం నుంచి ప్రత్యయం దాకా

‘కో’ అక్షరానికి మౌలికార్థం ‘బిడ్డ’. చైనా సంప్రదాయంలో అదే అక్షరం గురువులకు, జ్ఞానులకు గౌరవవాచకం. కన్ఫ్యూషియస్, లావోజు పేర్లను చైనా భాషలో రాసినప్పుడు చివర కనిపించేది ఇదే. జపాన్‌లో ఈ అక్షరం ప్రారంభంలో పురుషుల పేర్ల చివర కనిపించడం గమనార్హం. 607లో చైనాలోని సుయి రాజాస్థానానికి రాయబారిగా వెళ్లిన ఒనొ నొ ఇమొకో పురుషుడే. ఆరు, ఏడు శతాబ్దాల సంధికాలంలో అధికారం చెలాయించిన సోగ నొ ఉమకో కూడా పురుషుడే. ఫుజివర వంశ మూలపురుషుడు కమతరికి తొలినాటి పేరు కమకో. ‘కో’తో ముగిసిన ప్రతిపేరూ స్త్రీదేనన్న నేటి అభిప్రాయం ప్రాచీన జపాన్‌కు వర్తించదు.

తొమ్మిదో శతాబ్దం ఆరంభంలో పరిస్థితి మారింది. చక్రవర్తి సాగ (పాలన 809–823) తన కుమార్తెల పేర్లను ‘కో’తో ముగించే పద్ధతిని స్థిరపరిచాడు. చైనా భాషలో కవిత్వం చెప్పి పేరుపొందిన రాకుమారి ఉచికో ఆయన కుమార్తెల్లో ఒకరు. ఆ తర్వాత హెయియన్ యుగమంతటా రాణులకు, ఉన్నత వంశాల స్త్రీలకు ఇది రివాజయింది. సెయి షొనగొన్ సేవించిన రాణి పేరును, మురసకి షికిబు సేవించిన రాణి పేరును నేటి పండితులు ‘తెయిషి’, ‘షోషి’ అని చైనా మూలపు ఉచ్చారణలో చదువుతారు. చివర ఉన్న ‘షి’ ఈ ‘కో’ అక్షరానికే మరో ఉచ్చారణ. ఆ రాణులను తమ కాలంలో వాస్తవంగా ఏమని పిలిచేవారో తెలియకపోవడమే ఈ పద్ధతికి కారణం. అక్షరం మిగిలింది, పిలుపు పోయింది. ఈ విషయాన్ని ముందుముందు మళ్లీ ప్రస్తావించవలసి ఉంటుంది.

సామాన్య స్త్రీలకు ‘కో’ చాలాకాలం దూరంగానే ఉంది. ఎదొ యుగంలో (1603–1868) రైతు, వర్తక కుటుంబాల ఆడపిల్లలకు హరు (వసంతం), యుకి (మంచు), ఉమె (ప్లమ్ పూవు), కికు (చామంతి) వంటి చిన్న పేర్లుండేవి. పిలిచేటప్పుడు ముందు ‘ఒ’ చేర్చి ‘ఒహరు’, ‘ఒయుకి’ అనేవారు. ‘కో’ రాజాస్థానానికీ ఉన్నత వంశాలకూ చెందిన చిహ్నంగా మిగిలింది.

మెయిజి యుగంలో ఈ సరిహద్దు చెరిగింది. 1870లో సామాన్యులకు ఇంటిపేరు పెట్టుకునే అనుమతి లభించింది. 1872లో దేశవ్యాప్త కుటుంబ నమోదు (కొసెకి) అమలయింది. 1875లో ఇంటిపేరు తప్పనిసరి అయింది. బాలికల విద్య విస్తరించింది. చదువుకున్న స్త్రీలు నమోదు పుస్తకంలో ‘కో’ లేకపోయినా తమ పేరుకు తామే దాన్ని చేర్చుకోసాగారు. అమెరికాలో చదివి వచ్చి, 1900లో స్త్రీల కోసం ఆంగ్ల విద్యాలయం స్థాపించిన త్సుద ఉమెకో పుట్టిననాటి పేరు ఉమె. 1902లో ఆమె నమోదులో కూడా ‘ఉమెకో’గా మార్చుకుంది. రచయిత్రి హిగుచి ఇచియో (1872–1896) నమోదులో ‘నత్సు’, తాను రాసుకున్నది ‘నత్సుకో’. కవయిత్రి యొసానొ అకికో (1878–1942) అసలు పేరు ‘షో’. విద్యావతులైన ముగ్గురు స్త్రీలు ఒకే అక్షరాన్ని ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. రాజవంశపు గౌరవచిహ్నం ఆధునిక విద్యావతికి వ్యక్తిత్వచిహ్నమయింది.

తెలుగులో ‘అమ్మ’, ‘అయ్య’ల ప్రస్థానం ఇక్కడ పోలికకు వస్తుంది. సీత, సుబ్బి వంటి పేర్లకు గౌరవార్థంలో చేరిన ‘అమ్మ’ క్రమంగా పేరులో భాగమై సీతమ్మ, సుబ్బమ్మ అయింది. అందరి పేర్లకూ చేరాక దాని గౌరవధ్వని పలచబడింది. తర్వాతి తరాలకు అది పాతకాలపు వాసనగా తోచింది. ‘కో’ కథ కూడా స్థూలంగా ఇంతే. అయితే ‘అమ్మ’ పిలుపులోంచి పేరులోకి ప్రవేశించింది, ‘కో’ రాజాస్థానపు రాతలోంచి ప్రవేశించింది. ఈ భేదాన్ని మరువరాదు.

4. షోవాకు ముందు కజుకో

ఈ రెండక్షరాల కలయిక 1926లో పుట్టినది కాదు. రెండవ తొకుగవ షోగున్ హిదెతద కుమార్తె (1607–1678) 1620లో చక్రవర్తి గో–మిజునోను వివాహమాడి రాజాస్థానంలో ప్రవేశించింది. ఆమె పేరు రాసేది ఈ రెండక్షరాలతోనే. చరిత్రగ్రంథాల్లో మాత్రం ఆమె ‘మసకో’గా ప్రసిద్ధురాలు, ‘కజుకో’ అనే పాఠమూ ఉంది. సైనిక పాలకులకూ రాజాస్థానానికీ మధ్య పొత్తు కుదిర్చిన వివాహమది. ఆమె కుమార్తె మెయిషో 1629 నుంచి 1643 వరకు సింహాసనం అధిష్ఠించింది. రెండు శతాబ్దాల తర్వాత, 1862లో, షోగున్ ఇయెమొచిని వివాహమాడిన రాకుమారి కజునొమియ (1846–1877) బిరుదనామంలోనూ ఇదే ‘కజు’ ఉంది. అదీ రాజాస్థానానికీ షోగునేట్‌కూ సయోధ్య కోసం జరిగిన పెళ్లే. రెండు సందర్భాల్లోనూ సామరస్యమనే అక్షరాన్ని మోసిన స్త్రీ రాజకీయ సామరస్యానికి సాధనం కావడం ఆలోచింపజేసే విషయం.

ఇరవయ్యో శతాబ్దారంభంలో ఈ పేరు ఉన్నత కుటుంబాల్లో వాడుకలో ఉండేది. తర్వాతి కాలంలో ప్రధానమంత్రి అయిన యొషిద షిగెరు కుమార్తె కజుకో 1915లో జన్మించింది. ఆమె కుమారుడు అసో తారో కూడా ప్రధానమంత్రి అయ్యాడు. కాబట్టి 1927లో జరిగింది కొత్త పేరు పుట్టడం కాదు. ఉన్న పేరు ఒక్కసారిగా జనసామాన్యంలోకి రావడం.

5. శకనామం ఇంట్లోకి వచ్చిన విధం

జపాన్‌లో సంవత్సరాలను శకనామంతో లెక్కించే పద్ధతి ఏడో శతాబ్దం నుంచి ఉంది. పూర్వం ఒకే చక్రవర్తి పాలనలో శుభాశుభాలను బట్టి శకనామం పలుమార్లు మారేది. 1868లో ‘ఒక పాలనకు ఒకే శకనామం’ అనే నియమం వచ్చింది. మన ప్రభవాది సంవత్సరాలు అరవయ్యేళ్లకొకసారి తిరిగి వస్తాయి. జపాన్ శకనామం అలా తిరిగిరాదు. చక్రవర్తితో మొదలై చక్రవర్తితో ముగుస్తుంది. 1868 తర్వాత అది పాఠశాలలో, కార్యాలయంలో, జనన నమోదులో ప్రతివాడూ రాయవలసిన మాట అయింది.

1912 జులై 30న మెయిజి చక్రవర్తి మరణించాడు, ‘తైషో’ శకం మొదలయింది. ఆ ఏడాది మగపిల్లలకు ఎక్కువగా పెట్టిన పేరు షోఇచి, మరుసటి ఏడాది షోజి, ఆ తర్వాత షోజో. తైషోలోని రెండో అక్షరానికి ఒకటి, రెండు, మూడు సంఖ్యలు చేర్చి తయారుచేసిన పేర్లివి. శకనామాన్ని పిల్లల పేర్లలో వాడుకునే అలవాటు షోవా నాటికే ఏర్పడి ఉందని దీనివల్ల తెలుస్తుంది.

1926 డిసెంబరు 25న తైషో చక్రవర్తి మరణించాడు. అదే రోజు ‘షోవా’ శకనామం ప్రకటితమయింది. చైనా ప్రాచీనగ్రంథం ‘షూజింగ్’లో యావో చక్రవర్తి పాలనను వర్ణించే అధ్యాయం నుంచి ఈ రెండక్షరాలను గ్రహించారు. మొదటిది ప్రకాశాన్ని, రెండవది సామరస్యాన్ని సూచిస్తుంది. షోవా మొదటి సంవత్సరం కేవలం ఏడు రోజులే, డిసెంబరు 31తో ముగిసింది. అందువల్ల 1927 షోవా రెండో సంవత్సరమయింది. ఆ ఏడాది మగపిల్లల పేర్లలో మొదటి స్థానం ‘షోజి’ది, ఆడపిల్లల్లో ‘కజుకో’ది. 1928లో మగపిల్లల్లో ‘షోజో’ ముందుకు వచ్చింది. తైషో నాటి పేర్లకూ వీటికీ ఉచ్చారణ ఒకటే, మొదటి అక్షరం మాత్రం వేరు.

ఈ జంట పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టపడుతుంది. షోజి అన్న పేరులో ‘రెండు’ ఉంది, షోజోలో ‘మూడు’ ఉంది. సంవత్సరంతో ముడిపడిన పేరు ఆ సంవత్సరంతోనే పాతబడుతుంది. పైగా ‘షో’ అనే ఆ అక్షరం శకనామం కావడానికి ముందు జపాన్‌లో నిత్యవాడుకలో లేనిది. ‘కజుకో’లో సంఖ్య లేదు. దాని మొదటి అక్షరం పిల్లలకు కూడా పరిచితమైనది, అర్థం మంగళకరమైనది. అందువల్ల శకం మొదలైన ఉత్సాహం తగ్గిన తర్వాత కూడా ఏ సంవత్సరంలోనైనా పెట్టదగిన పేరుగా అది మిగిలింది. దీని దీర్ఘాయువుకు ప్రధాన కారణం ఇదే.

రాజవంశంలోని పేరును అనుకరించడం వల్ల కజుకో వ్యాపించిందనే వాదనకు కాలక్రమం అనుకూలించదు. షోవా చక్రవర్తి మూడో కుమార్తె పేరు కజుకోనే, కాని ఆమె పుట్టింది 1929 సెప్టెంబరులో. అప్పటికే ఆ పేరు అగ్రస్థానంలో ఉంది. రాకుమారి పేరు ఈ ఆదరణకు బలం చేకూర్చి ఉండవచ్చు, మూలకారణం మాత్రం కాలేదు.

6. ఆధారాల స్వభావం

జనాదరణకు సంబంధించిన పై వివరాలకు మెయిజి యసుద జీవితబీమా సంస్థ వెలువరించే జాబితా ప్రధానాధారం. 1912 నుంచి ఒక్కొక్క ఏడాది పుట్టినవారికి ఏ పేర్లు ఎక్కువగా ఉన్నాయో ఆ జాబితా చూపుతుంది. దీన్ని వాడుకునే పరిశోధకుడు రెండు పరిమితులను గుర్తుంచుకోవాలి. మొదటిది, ఇది జనాభా లెక్క కాదు, ఆ సంస్థ పాలసీదారుల పేర్ల లెక్క. బీమా తీసుకోగల కుటుంబాలు సమాజమంతటికీ ప్రాతినిధ్యం వహించకపోవచ్చు. రెండవది ఇంకా ముఖ్యం. ఇందులో లెక్కించింది రాసిన రూపాన్ని, పలికిన రూపాన్ని కాదు.

‘కజుకో’ అక్షరాలనే కొందరు మసకో అని, కొందరు యసుకో అని, కొందరు తొమొకో అని చదువుకుంటారు. ‘రైలుబడి’ రచయిత్రి తన పేరు గురించి చెప్పిన విషయం ఈ లిపి స్వభావాన్ని తేటపరుస్తుంది. అబ్బాయి పుడతాడని ఆశించిన తల్లిదండ్రులు ‘తోరు’ అనే పేరు నిశ్చయించుకున్నారు. అమ్మాయి పుట్టడంతో అదే అక్షరాన్ని చైనా మూలపు ఉచ్చారణలో ‘తెత్సు’ అని చదివి, చివర ‘కో’ చేర్చారు. అక్షరం మారలేదు, పేరు మారింది. కుటుంబ నమోదులో సైతం చాలాకాలం అక్షరాలే ఉండేవి, ఉచ్చారణకు చోటు లేదు. 2023లో సవరించిన చట్టం 2025 మే 26న అమలులోకి వచ్చాకనే ఉచ్చారణ కూడా నమోదులో చేరుతున్నది. అంటే షోవా నాటి లక్షలాది స్త్రీల పేర్లను వారి ఇంట్లో ఎలా పలికారో ఆనాటి నమోదు చెప్పదు. హెయియన్ రాణుల విషయంలో చూసిన స్థితి, మరో రూపంలో, ఆధునిక నమోదులోనూ కొనసాగింది. పేరును రాతకు, పలుకుకు అభేదంగా భావించే మనవంటి అక్షరమాలల సంప్రదాయం నుంచి వచ్చిన పరిశోధకులకు ఈ భేదం అత్యవసరం.

7. ఒకే పేరు, రెండు కాలాలు

1930లలో ‘వ’ అనే భావన రాజ్యభావజాలంలో కీలకమయింది. జపాన్ 1932లో మంచూరియాలో నెలకొల్పిన మంచుకువొ రాజ్యం ‘ఐదు జాతుల సామరస్యం’ తన ఆదర్శమని చాటుకుంది. అక్కడి అధికారిక సంస్థ పేరు ‘క్యోవకయి’, అంటే సామరస్య సంఘం. అందులోని ‘వ’ షోవాలోని ‘వ’నే. 1937లో జపాన్ విద్యాశాఖ ప్రచురించిన ‘కొకుతయి నొ హొంగి’ అనే గ్రంథం ‘వ’ను జాతి మూలలక్షణంగా వివరించింది. వ్యక్తి తనను తాను ఉపసంహరించుకొని కుటుంబం వంటి రాజ్యంలో లీనం కావడమే అక్కడ సామరస్యం. ఆ గ్రంథం వెలువడిన ఏడాదిలోనే చైనాతో పూర్తిస్థాయి యుద్ధం మొదలయింది.

యుద్ధకాలంలో పేర్లు కాలాన్ని దాచలేదు. జపాన్ రాజవంశ స్థాపనకు 2600 ఏళ్లు నిండాయని 1940లో ఉత్సవాలు జరిగినప్పుడు, ఆ శకగణనను సూచించే అక్షరంతో ‘నొరికో’ వంటి పేర్లు పెరిగాయి. 1940ల మొదటి సగంలో మగపిల్లలకు ‘మసరు’ (విజయం) ముందు వరుసలోకి వచ్చింది. ఆ ఇళ్లలోనే ఆడపిల్లలకు కజుకో అనే పేరు కొనసాగింది. కొడుకుకు విజయం, కూతురికి సామరస్యం. ఈ విభజనను ఎవరూ ఆజ్ఞాపించలేదు. అయినా యుద్ధకాలపు సమాజం స్త్రీపురుషుల నుంచి ఏమి ఆశించిందో పేర్ల వరుస చెబుతున్నది.

జపాన్ వలసగా ఉన్న కొరియాలో ఈ చరిత్రకు మరో పార్శ్వం ఉంది. 1940లో అమలుచేసిన నామవిధానం కొరియన్ల ఇంటిపేర్లను జపాన్ తరహాలోకి మళ్లించింది. ఆ కాలంలో పుట్టిన ఎందరో కొరియా ఆడపిల్లల పేర్ల చివర ఈ ‘కో’ అక్షరమే చేరింది. కొరియా ఉచ్చారణలో అది ‘జా’. యోంగ్‌జా, సున్‌జా వంటి పేర్లు ఆ తరానికి గుర్తులు. జపాన్‌లో విద్యావతికి గౌరవమైన అక్షరం కొరియాలో వలసపాలన ముద్ర అయింది. అక్షరానికి నిఘంటువులో ఉన్న ‘బిడ్డ’ అనే అర్థం రెండుచోట్లా ఒకటే.

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయింది. 1946 నవంబరు 3న ప్రకటితమై 1947 మే 3న అమలయిన కొత్త రాజ్యాంగం యుద్ధాన్ని త్యజించింది. ‘హెయివ’ (శాంతి) ఆ కాలపు ముఖ్యపదమయింది. అందులోనూ చివరి అక్షరం ఈ ‘వ’నే. నిన్నటిదాకా రాజ్యంలో లీనం కావడాన్ని సూచించిన అక్షరం నేడు యుద్ధరాహిత్యాన్ని సూచించసాగింది. కజుకో పేరు అలాగే ముందు వరుసలో నిలిచింది. దజయి ఒసాము 1947లో ప్రచురించిన ‘షయో’ నవలలో, యుద్ధానంతరం ఆస్తి అంతస్తులు కోల్పోయిన కులీన కుటుంబపు స్త్రీ కథ చెబుతుంది. ఆమె పేరు కజుకో. ఆనాటి పాఠకులకు ఆ పేరు ప్రతి వీధిలోనూ వినిపించేది.

1935లో పుట్టిన కజుకోకు, 1947లో పుట్టిన కజుకోకు పేరు రాయడంలో ఒక్క గీత కూడా తేడా లేదు. పేరు పెట్టిన కాలం మాత్రం వేరు. అర్థం అక్షరంలో స్థిరంగా ఉంటుందని నమ్మితే ఈ తేడా కనిపించదు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ప్రతి తల్లీ తండ్రీ రాజ్యభావజాలాన్నో శాంతి ఆదర్శాన్నో తలచుకొని ఈ పేరు పెట్టారని చెప్పలేము. పొరుగింటి పిల్ల పేరు బాగుందని పెట్టినవారు, సులువుగా రాయవచ్చని పెట్టినవారు ఉంటారు. వ్యక్తుల ఉద్దేశాన్ని జాబితాలు చెప్పవు. ఏ పేరు ఏ కాలంలో సహజంగా, శుభంగా తోచిందో మాత్రం చెబుతాయి. చరిత్రకారునికి దొరికే సాక్ష్యం అంతవరకే.

8. క్షీణత

1946 నవంబరులో ప్రభుత్వం నిత్యవాడుకకు 1850 కంజి అక్షరాల జాబితా ప్రకటించింది. 1948 నుంచి అమలయిన కుటుంబ నమోదు చట్టం పిల్లల పేర్లకు సులభమైన, వాడుకలోని అక్షరాలనే అనుమతించింది. 1951లో పేర్ల కోసం మరో 92 అక్షరాలు చేర్చారు. ఈ నియంత్రణ కజుకోకు అడ్డురాలేదు, రెండక్షరాలూ తేలికైనవే. దాని క్షీణతకు కారణం చట్టం కాదు, తరం మారడం.

1950ల మధ్యనాటికి ‘కెయికో’ (దయ, అనుగ్రహం) కజుకోను వెనక్కి నెట్టింది. 1965లో ‘అకెమి’ అగ్రస్థానానికి వచ్చింది, దాని చివర ‘కో’ లేదు, ‘మి’ (అందం) ఉంది. 1970లలో ‘యోకో’ (సూర్యకాంతి) రూపంలో ‘కో’ మరికొంతకాలం వెలిగినా, 1980ల చివరికి మొదటి పది పేర్లలో ఆ అక్షరం దాదాపు కనిపించకుండా పోయింది. 1920ల నుంచి మూడు దశాబ్దాలకు పైగా మొదటి పది పేర్లనూ దాదాపు పూర్తిగా ఆక్రమించిన ప్రత్యయం ఇది. అందరి పేర్లలో ఉండటం వల్లనే అది విశిష్టతను కోల్పోయింది. తల్లి పేరులో, అత్త పేరులో, ఉపాధ్యాయురాలి పేరులో ఉన్న అక్షరం కూతురికి కొత్తగా తోచదు. పైగా తర్వాతి తరాల తల్లిదండ్రులు చాలామంది ముందు వినసొంపైన ఉచ్చారణను ఎంచుకొని, తర్వాత దానికి తగిన అక్షరాలు వెదికే పద్ధతికి మళ్లారు. అక్షరార్థం ప్రధానంగా ఏర్పడిన కజుకో వంటి పేర్లకు ఈ పద్ధతి అనుకూలం కాదు. ఇటీవల ‘రికో’ వంటి పేర్లతో ‘కో’ మళ్లీ కనిపిస్తున్నా అది పాత వైభవం కాదు.

2019 మే 1న ‘రెయివ’ శకం మొదలయింది. ‘మన్యోషు’ కావ్యసంకలనంలోని ప్లమ్ పూల పద్యాల పీఠిక నుంచి గ్రహించిన ఈ శకనామంలోనూ రెండో అక్షరం ‘వ’నే. జపాన్ ప్రభుత్వం దాన్ని ‘అందమైన సామరస్యం’గా వివరించింది. శకనామంలో అదే అక్షరం తిరిగివచ్చినా కజుకో అగ్రస్థానానికి తిరిగిరాలేదు. శకనామం ఒక్కటే పేరును వ్యాపింపజేయదని, 1927లో శకనామానికి ‘కో’ ప్రత్యయపు ఉచ్చదశ తోడయిందని దీనివల్ల రుజువవుతుంది. మొదటి అక్షరానికి కాలం అనుకూలించినా రెండో అక్షరానికి కాలం చెల్లింది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

అ) కజుకో పేరు అర్థం ‘సామరస్యం గల బిడ్డ’ అయినప్పటికీ, 1927 తర్వాత దాని వ్యాప్తికి ఆ అర్థం కన్న షోవా శకనామంతో ఉన్న సంబంధమే ప్రధాన కారణం.

ఆ) సంఖ్యతో ముడిపడిన పురుషనామాలు ఒక ఏడాదితో వెనుకబడగా, సంఖ్య లేని కజుకో పాతికేళ్లు నిలిచింది. పేరు నిర్మాణం దాని ఆయుర్దాయాన్ని ప్రభావితం చేస్తుంది.

ఇ) యుద్ధానికి ముందూ తర్వాతా పేరు రూపం మారకుండానే దాని సామాజికార్థం మారింది.

ఈ) రాత, పలుకు వేరైన సమాజంలో జనాదరణ లెక్కలను రాతకే పరిమితం చేసి చదవాలి.

తెలుగు నామ అధ్యయనానికి కూడా ఈ అంశాలు వర్తిస్తాయి. తెలంగాణ సాయుధపోరాట యోధురాలు మల్లు స్వరాజ్యం 1931లో జన్మించింది. గాంధీజీ స్వరాజ్య పిలుపు ప్రభావంతో బంధువులు ఆమెకు ఆ పేరు పెట్టారని ప్రసిద్ధి. ఆ పేరుకు ‘స్వపరిపాలన’ అని అర్థం రాసి ఊరుకుంటే 1931 కనిపించదు, ఆ పేరు మోసిన మనిషి తర్వాత తుపాకి పట్టిన చరిత్ర అసలే కనిపించదు. మన పేర్ల పట్టికల్లో వ్యుత్పత్తికి ఇచ్చిన స్థానం పేరు పెట్టిన సంవత్సరానికి ఇవ్వడం లేదు. బడి రిజిస్టర్లు, జనన నమోదులు, ఓటర్ల జాబితాలు ఈ కొరతను తీర్చగల ఆధారాలు. పేరు పక్కన పుట్టిన ఏడాదిని కూడా చేర్చి సేకరించే పని మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు చేపట్టదగినది. పాత బడి రిజిస్టర్లు చెదలు పట్టి నశించకముందే ఆ పని జరగాలి.